నా నీళ్లు నీలంగానే ఉన్నాయి

నేను ఒక గాజు తొట్టిని. అలాగని రంగురాళ్లు పరిచి, లైటు పెట్టి, అమ్మకానికి ముస్తాబు చేసిన తొట్టిని అనుకోకండి. నా గోడలు బొటనవేలంత మందం. నాలో చూసుకుంటే మీ మొహం మీకే నచ్చదు. నా పక్క గోడ మీద ఎర్ర రంగుతో '17' అని, దాని మీదుగా తెల్ల రంగుతో 'కండెమ్' అని రాసి ఉంటుంది. మొదటిది నా నంబరు. రెండోది, పనికిరానని నా మీద వచ్చిన తీర్పు. ఆ తీర్పును నేను ఒప్పుకోలేదు.

కరిగిన గాజును ఇనుప అచ్చులో పోసి నొక్కితే పుట్టాను. అందుకే నాకు ఎక్కడా అతుకు లేదు. చేపల తొట్టి కావాలని ఎవరూ నన్ను చెయ్యలేదు. బ్యాటరీ కోసం చేశారు. అనకాపల్లి టెలిఫోను ఎక్స్ఛేంజిలో వెనక గది మాది. ఇరవై నలుగురు అన్నదమ్ములం, చెక్కబల్లల మీద రెండు వరసల్లో ఉండేవాళ్లం. కడుపు నిండా సీసం పలకలు, వాటిని ముంచుతూ యాసిడ్. పెళ్లి కబుర్లు, చావు కబుర్లు, బెల్లం బేరాలు అన్నీ మా బలం మీదే నడిచేవి. అవతలివాడు ఎంత దూరంలో ఉంటే ఇవతలివాడు అంత గట్టిగా అరిచేవాడు. అరుపు వల్లే మాట చేరుతోందని వాళ్ల నమ్మకం.

మమ్మల్ని చూసుకునే టెక్నీషియన్ పేరు సన్యాసిరావు. నా ఒంటి మీద అచ్చులోనే పడిన గీతలు రెండున్నాయి. నీళ్లు పై గీత దాటకూడదు, కింది గీతకు దిగకూడదు. ఇరవై రెండేళ్లు ఆయన రోజూ పొద్దున్నే వంగి ఆ గీతలు చూశాడు. పెళ్లాం మొహం అన్నిసార్లు చూసి ఉండడు.

తరవాత మూతలు బిగించిన కొత్త బ్యాటరీలు వచ్చాయి. ఎవరో ఒకతను తెల్ల రంగు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చి వరసగా అందరి మీదా 'కండెమ్' రాసుకుంటూ పోయాడు. నాలో ఒక్క పగులు ఉందేమోనని కూడా చూడలేదు. అన్నదమ్ములు పాత సామాన్ల లారీ ఎక్కారు. సన్యాసిరావు మాత్రం వేలంలో నన్ను అడిగి తీసుకుని, సైకిలు వెనక తాళ్లతో కట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"ఇరవై రెండేళ్ల నౌకరీకి ఇదేటి, బహుమానమా?" అంది ఆయన భార్య.

గుమ్మం పక్కన నిలబెట్టి నాలో గొడుగులు పెట్టారు. పదకొండేళ్లు! యాసిడ్ మోసినవాణ్ని తడి గొడుగులు మోయమన్నారు. మోశాను. ఎవరినీ బతిమాలలేదు.

నా రోజు మళ్లీ వచ్చింది నూకరత్నం వల్ల. సన్యాసిరావు కోడలు. మేడ మీది గదిలో ఒక పక్క ఆమె కుట్టుమిషను, ఇంకో పక్క చేపల తొట్లు. అనకాపల్లిలో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు ఆమె చేతి మీదుగా పోయేవి. మిగతా సమయమంతా చేపలదే. ఆమె ఏంజెల్ చేపలు పెంచేది. పక్క నుంచి చూస్తే గాలిపటంలా ఉండే చేప. వాటిలో ఒక ఆడచేప రెక్కల అంచు బంగారు రంగులో మెరిసేది. దానికి 'జరీ' అని పేరు పెట్టింది.

చేపలు, మందులు అమ్మే కొండబాబు వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"ఏంజెలు పిల్లలు మన ఇళ్లల్లో బతకవక్కా. అది కలకత్తా వోల్ల పని. నువ్వు జాకెట్లు కుట్టుకో."

"నీ కొట్టు మూసీసే రోజు దగ్గర్లోనే ఉంది, కొండబాబూ," అనేది రత్నం, సూదిలో దారం ఎక్కిస్తూ.

జరీ ఆరుసార్లు గుడ్లు పెట్టి ఆరుసార్లూ తనే తినేసింది. ఏడోసారి గుడ్లు పెట్టిన పెంకు ముక్కను రత్నం వెంటనే పైకి తీసి వేరే తొట్టిలో పెట్టింది. బూజు పట్టకుండా నీళ్లలో మెథిలీన్ బ్లూ అనే నీలం మందు చుక్కలు వేసింది. మూడోరోజుకు గుడ్లు పిగిలి తోకలు ఆడాయి. నూట నలభై పిల్లలు. గోరంత అయ్యేసరికి వాటిని మూడడుగుల తొట్టిలోకి మార్చింది. కొండబాబు వచ్చి వంగి చూశాడు. పోతూ పోతూ ఒక ఫిల్టరు అంటగట్టాడు. లోపల స్పాంజి, దాని వెనక సంచిలో నల్లబొగ్గు.

"ఇది పెట్టి సూడక్కా. నీల్లు అద్దంలా మెరిసిపోతాయి."

మెరిశాయి. అదే వారం జరీ చచ్చిపోయింది. ముసలిదైపోయింది, అంతే. రత్నం దాన్ని తెల్ల లైనింగు గుడ్డలో చుట్టి మల్లెమొక్క కింద పాతిపెట్టింది. ఇక జరీ గుడ్లు పెట్టదు. ఆ బంగారు అంచు ఈ లోకంలో మిగిలితే ఆ నూట నలభైలోనే మిగలాలి. అది ఇంట్లో అందరికీ తెలుసు.

పిల్లలు దాక్కోడానికని రత్నం కొండబాబు కొట్లోంచి గుప్పెడు నాచు తెచ్చి తొట్టిలో వేసింది. కడిగింది కానీ, విడిగా ఉంచి చూడలేదు. శత్రువు ఆ నాచుతో వచ్చాడు. నాలుగోరోజు పొద్దున పిల్లల ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి. మేత ముట్టడంలేదు.

తెల్లచుక్క జబ్బు గురించి మీకు ఒక రహస్యం చెప్పాలి. చుక్క చేప చర్మం కింద దాక్కున్నంతసేపూ దాన్ని ఏ మందూ ముట్టుకోలేదు. బాగా బలిసి, రాలి, అడుగుకు చేరి పగులుతుంది. వందల పిల్లపురుగులు బయటికొచ్చి ఇంకో చేపను వెతుక్కుంటాయి. ఆ కొన్ని గంటలే శత్రువు బట్టబయలుగా తిరిగే సమయం. అప్పుడు నీళ్లలో మందు ఉండాలి. లేకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి పదింతలు.

రత్నానికి ఇదంతా తెలుసు. చురుకైన మనిషి. నీళ్లు వెచ్చగా ఉంటే పురుగు తొందరగా రాలుతుందని రెండు రోజుల్లో మెల్లగా ముప్పై డిగ్రీలకు పెంచింది. వెచ్చని నీళ్లలో గాలి చాలదని పంపు ఇంకొంచెం తెరిచింది. పిల్లచేపలు కదా అని మందు కొలత తగ్గించి, రోజూ కొంత నీరు మార్చి, మళ్లీ అంత నీలం వేసేది. బాగా నీరసించిన పన్నెండు పిల్లల్ని మాత్రం విడిగా పెట్టాలి. ఖాళీ తొట్టి లేదు.

"నా పదిహేడో నంబరు ఉంది కదమ్మా," అన్నాడు సన్యాసిరావు.

"గొడుగుల్దా? అందులో యాసిడ్ ఉండేది కదా మావయ్యా?"

"ఉండేది. నాకూ జీతం ఉండేది, ఇప్పుడుందేటి? అదీ అంతే."

గొడుగులు బయటికి పోయాయి. ఆయన నన్ను సోడాతో కడిగి, ఎండలో పెట్టి, మళ్లీ కడిగాడు. రెండ్రోజులు నీళ్లు నింపి ఉంచి, యాసిడ్ తగిలితే ఎర్రబడే నీలం లిట్మస్ కాగితం ముంచి చూశాడు. కాగితం రంగు మారలేదు. పై గీత వరకూ నీళ్లు పోశాడు. నాకు చిన్న హీటరు, గాలి గొట్టం ఇచ్చారు. ఫిల్టరు పట్టేంత చోటు లేదు. పన్నెండు పిల్లలు నాలోకి దిగాయి. కొన్ని పక్కకు వాలి ఈదుతున్నాయి. అందరూ ఆశ వదులుకున్న చేపలు, అందరూ కండెమ్ అన్న తొట్టి. బాగానే కలిశాం అనుకున్నాను.

రెండు తొట్లలోనూ పొద్దున్నే నీలం పడింది. మర్నాటికి పెద్ద తొట్టి నీళ్లు మళ్లీ అద్దంలా ఉన్నాయి. నా నీళ్లు నీలంగానే ఉన్నాయి.

"పెద్దదాంట్లో పిల్లలు మందు లాగీసుకున్నాయి మావయ్యా. ఒంటికి పట్టింది," అంది రత్నం సంతోషంగా. నా వైపు చూసి మొహం చిట్లించింది. "ఇందులో అలాగే ఉండిపోనాది. వీటికి పట్టట్లేదు."

చూశారా మనుషుల తెలివి! మందు మాయమైన చోట పనిచేసిందట, ఉన్నచోట పనిచెయ్యలేదట. నాకు నోరుంటే అనకాపల్లి మొత్తానికి వినపడేలా అరిచేవాణ్ని. ఇరవై రెండేళ్లు ఊరి అరుపులన్నీ మోశాను. నాకంటూ ఒక్క అరుపు లేదు.

మూడో రోజు పెద్ద తొట్టిలో పదకొండు పోయాయి. నాలుగో రోజు పంతొమ్మిది. రత్నం మిషను తొక్కడం మానేసింది. జాకెట్ల కోసం వచ్చినవాళ్లను మెట్ల మీంచే పంపేసింది. నాలోనూ మొదటిరోజే ఒకటి పోయింది. మిగిలిన పదకొండు సంగతి ఎవరికీ కనపడదు. నా గాజు మందం, పైగా నీళ్లు నీలం. బయటి నుంచి చూస్తే అవి నీడలే.

ఆ మధ్యాహ్నమే కొండబాబు వచ్చాడు. చనిపోయిన చేపల గిన్నె చూశాడు, పెద్ద తొట్టి చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"ఈ కరెంటు డబ్బా ఇక్కడెందుకక్కా?"

"డబ్బా కాదు, బ్యాటరీ సెల్లు," అన్నాడు సన్యాసిరావు.

"అదే బాబూ. యాసిడ్ గాజులోకి దిగిపోతాది. ఒకే వల రెండిట్లో ముంచుతున్నారు కదా? ఇందులో విషం అందులోకి ఎల్లిపోనాది. ముందు దీన్ని బయట పారీండి. నాను సెప్పలేదా, ఇది మన ఇళ్లల్లో అయ్యే పని కాదని?"

సన్యాసిరావుకు లిట్మస్ కాగితం మాట నోటి దాకా వచ్చింది. కానీ గిన్నెలో పంతొమ్మిది చిన్న శవాలున్నాయి. శవాల ముందు కాగితం మాట ఎవరు వింటారు?

రత్నం లేచింది. తెల్ల పింగాణీ కప్పు తీసుకుని నా దగ్గరకొచ్చింది. "పిల్లల్ని పెద్దదాంట్లో కలిపీసి దీన్ని కిందకి దించీద్దాం, మావయ్యా."

ఇదీ నా రెండో తీర్పు. మొదటిదానికైనా తెల్ల రంగు ఖర్చు పెట్టారు.

కప్పు నాలో మునిగింది, ఒక పిల్లను పట్టి పైకి లేచింది. రత్నం దాన్ని పెద్ద తొట్టి వైపు తీసుకెళ్తూ ఒక్కసారి లోపలికి చూసి ఆగింది.

"మావయ్యా, మీ కళ్లజోడు పెట్టుకుని ఇటు రండి."

తెల్ల కప్పులో, నీలం నీళ్లలో, గోరంత చేప నిటారుగా నిలబడి రెక్కలాడిస్తోంది. ఒంటి మీద ఒక్క చుక్క లేదు.

"ఇంకోటి తియ్యమ్మా."

రెండోది తీసింది. చుక్కల్లేవు. మూడోది తీస్తుంటే తొందరలో కప్పు ఒలికి, భుజం మీద వేసుకున్న తెల్ల లైనింగు ముక్క తడిసింది. అక్కడ నీలం మరక పాకింది. రత్నం ఆ మరకను వేలితో రుద్ది చూసింది. తరవాత గుడ్డ రెండో కొసను పెద్ద తొట్టిలో ముంచి పిండింది. మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది.

ఆమె జాకెట్లు కుట్టే మనిషి. ఎర్ర జాకెట్టు రంగు వదిలితే ఏ తెల్లచీర పాడైందో వెతికి పట్టుకోవడం ఆమెకు వారానికోసారి ఉండే పని.

"రంగు ఊరికే పోదు, కొండబాబూ. ఒకదాన్ని వదిలితే ఇంకోదానికి ఎక్కాలి. చేపలకెక్కితే చేపలు నీలంగా ఉండాలి. రాళ్లకెక్కితే రాళ్లు ఉండాలి. నాను రోజూ పోసిన మందు దేనికెక్కింది?"

కొండబాబు చెప్పుల కోసం చూశాడు.

రత్నం ఫిల్టరు లాగి తెరిచింది. స్పాంజి పక్కన పెట్టి సంచి విప్పింది. బొగ్గు నల్లగా ఉంది. నలుపు మీద ఏ రంగూ సాక్ష్యం చెప్పదు. అందుకని ఆమె గాజుగ్లాసులో నా నీళ్లు నింపి, ఫిల్టరుతో పాటు కొండబాబు ఇచ్చిన విడి పొట్లం చింపి గుప్పెడు కొత్త బొగ్గు అందులో వేసి, పుల్లతో తిప్పుతూ కూర్చుంది. ముగ్గురూ ఆ గ్లాసునే చూశారు. కొండబాబు రెండుసార్లు "నానెల్తాను" అన్నాడు. సన్యాసిరావు రెండుసార్లూ "కూకో" అన్నాడు. టీ వచ్చింది, చల్లారింది. నీలం పలచబడింది. ఇంకాసేపటికి గ్లాసులో నీళ్లు తేటగా ఉన్నాయి.

"మందంతా ఇదే తాగీసింది," అంది రత్నం. "నాను బొగ్గుకి వైద్యం సేస్తున్నాను."

"బొగ్గు నీల్లు తేట సేస్తాదని సెప్పాను కదక్కా," అన్నాడు కొండబాబు నీరసంగా. "మందు ఏసినప్పుడు తీసీమని... అదొక్కటే సెప్పలేదు."

బొగ్గు చెత్తబుట్టలోకి పోయింది. ఫిల్టరులో స్పాంజి మాత్రం మిగిలింది. పెద్ద తొట్టి ఆ సాయంత్రమే మొదటిసారి నిజంగా నీలమైంది, మర్నాడు కూడా నీలంగానే ఉంది. ఆ మర్నాడు కూడా ఆరు పోయాయి, వాటికి ఆలస్యమైపోయింది. తరవాత రెండు. తరవాత ఏమీ పోలేదు. చుక్కలు కనపడకుండా పోయాక కూడా రత్నం ఇంకో వారం మందు ఆపలేదు. మూడో వారం నీళ్లు తేటపడ్డాక లెక్కపెట్టింది. పెద్ద తొట్టిలో తొంభై, నాలో పదకొండు. నా పదకొండింటిలో నాలుగింటి రెక్కల అంచున సన్నటి బంగారు గీత. రత్నం తడిచేత్తోనే నా అంచు ఒకసారి నిమిరి, మిషను దగ్గరకెళ్లి కూర్చుంది.

ఇప్పుడు నేను ఆ గదిలోనే కిటికీ పక్కన ఉన్నాను. తోక కుళ్లినవి, ఉబ్బినవి, బూజు పట్టినవి, అన్నీ ముందు నా దగ్గరకే వస్తాయి. కొండబాబు కూడా తన కొట్లో నలతగా ఉన్నవాటిని సంచిలో పట్టుకొస్తాడు. "అక్కా, నీ పదిహేడో నంబర్లో బెడ్డుందా?" అంటాడు. అన్నీ బతకవు. బతకనివాటినీ చివరిదాకా మోస్తాను. నా పని మధ్యలో దించెయ్యడం కాదు.

పోయిన నెల ఎక్స్ఛేంజి నుంచి ఇద్దరొచ్చారు. పాత సామాను అద్దాల బీరువాలో పెట్టి అందరికీ చూపిస్తారట. ఊళ్లో మిగిలిన గాజు సెల్లు ఇదొక్కటేనట. ఒకతను నా గోడ మీది తెల్ల రాత మీద వేలు పెట్టి, "ఇది చెరిపించి నీటుగా పెడతామండీ," అన్నాడు.

ఎన్నాళ్లకు! చెరుపుతారట. మెత్తని గుడ్డ పరిచి, పేరు రాసిన చీటీ పెట్టి, తాళం వేస్తారట. సన్యాసిరావు ఛాతీ కొంచెం ఉబ్బింది. కోడలి వైపు తిరిగాడు.

"ఏటంటావమ్మా? ఇచ్చీమంటావా?"

నూకరత్నం జాకెట్టు చంకలో అతుకు వేస్తోంది. తల ఎత్తలేదు.

"అందులో ముగ్గురు రోగులున్నారు మావయ్యా. ఖాళీ లేదని సెప్పండి."