నది అవతలి చిరునామా

అయోనీకి ఎనభై నిండే రోజు కోసం మేము రెండేళ్లు ఎదురుచూశాం. రిలే పరుగులో జట్టు వయసును అందరిలోకీ చిన్న మనిషి వయసును బట్టి లెక్కిస్తారు. డెల్ఫీన్‌కు ఎనభై ఆరు, వెర్నాకు ఎనభై మూడు, బెర్నిస్‌కు ఎనభై రెండు. అయోనీ ఒక్కతే డెబ్బై తొమ్మిది దగ్గర ఆగి ఉండడం వల్ల నలుగురూ డెబ్బై అయిదేళ్ల వాళ్ల పక్కన పరుగెత్తి, ప్రతిసారీ అందరికంటే వెనక వచ్చేవాళ్లు.

"మీ అమ్మ నిన్ను ఇంకో ఏడాది ముందు కని ఉంటే ఆమె సొమ్మేం పోయేదే?" అనేది డెల్ఫీన్.

"అప్పటికి మా నాన్న ఆమెకు కనపడందే ఎలా కంటుంది?" అనేది అయోనీ.

"ఆయన పరుగులోనూ ఆలస్యమే అన్నమాట. నీకు ఎవరి పోలికో తెలిసిపోయింది."

మాది మారినెట్. ఊరి చివర నది, నదికి ఇవతల విస్కాన్సిన్ రాష్ట్రం, అవతల మిషిగన్ రాష్ట్రం. హైస్కూలు ట్రాక్ మీద బుధవారం, శనివారం పొద్దున్న మా క్లబ్ వాళ్లు పరుగెత్తుతారు. నేను స్కూల్లో ఉండగా అదే ట్రాక్ మీద పరుగెత్తాను. మోకాలు పాడయ్యాక వాచీ పట్టుకోవడం మొదలుపెట్టాను. మాట్లాడడం తక్కువ, చేతిరాత బాగుంటుంది అని కాగితాలు కూడా నాకే అప్పగించారు. సభ్యత్వం ఫారాలు, పోటీల నమోదు, వయసు రుజువులు, అన్నీ మా ఇంట్లో ఒక సొరుగులో ఉండేవి.

ఏప్రిల్‌లో అయోనీకి ఎనభై నిండాయి. జూలైలో అయోవాలో జాతీయ పోటీలు. ఎనభై దాటిన ఆడవాళ్లు నలుగురు, ఒక్కొక్కరు ఒక చుట్టు. అది ఈ ఏడాదే జరగాలి. డెల్ఫీన్ చూపు నడిమధ్య నుంచి చెరిగిపోతోంది. ఎదుట ఉన్న మనిషి ముఖం ఆమెకు కనపడదు, పక్కన ఉన్న చెవి కనపడుతుంది. ట్రాక్ మీద తెల్ల గీతను కంటి కొసతో పట్టుకుని ఆమె పరుగెత్తేది. వచ్చే వేసవికి ఆ గీత కూడా ఉండదని డాక్టర్ చెప్పాడు.

"కాటికి కాళ్లు చాపే వయసులో ట్రాక్ మీద చాపుతున్నాం. ఒక్కసారి చాపి వచ్చేద్దాం," అని ఆమె మిగతా ముగ్గురితో అంది. ఆ తర్వాత ఎవరూ ఒక్క పూట కూడా సాధన మానలేదు. బెర్నిస్ తుంటి నొప్పితో కూడా వచ్చేది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

మనిషి ఎక్కడ నివసిస్తే ఆ ప్రాంత సంఘం కింద ఉన్న క్లబ్ తరఫునే పరుగెత్తాలి. మా ప్రాంతానికి నదే హద్దు. ఏడాది మధ్యలో హద్దు దాటి వెళ్లిపోయినవాళ్లు ఆ ఏడాది సభ్యత్వం కార్డు ముగిసేదాకా పాత క్లబ్‌లోనే ఉండొచ్చు. ఈ రూలు నాకు తెలుసు. కంఠతా వచ్చు అని కూడా అనుకునేదాన్ని.

వెర్నా భర్త ఆర్వో కిందటేడు శరదృతువులో పోయాడు. ఆమె ఒంటరిగా వాకిట్లో మంచు ఎత్తుకోలేదని కూతురు గెయిల్ పట్టుబట్టి, జనవరిలో తన ఇంటికి తీసుకువెళ్తానంది. గెయిల్ ఇల్లు వంతెన అవతల. మా ట్రాక్ నుంచి కనపడుతుంది, ఆకులు లేని కాలంలో.

డిసెంబర్ మొదటి వారంలో, అందరికంటే ముందు, వెర్నా కొత్త ఏడాది సభ్యత్వం ఫారం నింపి నా చేతికిచ్చింది.

"ఇదిగో పిల్లా, ముందు ఇది పంపెయ్. చావు గుమ్మంలోకి వస్తే కార్డు చూపించి, ఏడాది చివర రమ్మంటాను."

నేను నవ్వి తీసుకున్నాను. ఇంటికి వచ్చాక ఒక ఆలోచన వచ్చింది. కార్డు పోస్టులో రావడానికి నెల పడుతుంది. అప్పటికి ఆమె ఇల్లు ఖాళీ అయి ఉంటుంది. కార్డు ఖాళీ ఇంటి పెట్టెలో పడి, మంచులో తడిసి పోతుందేమో. మిగతా ఫారాలన్నీ పంపి, ఆమెది ఒక్కటీ సొరుగులో ఉంచాను. జనవరి పదిహేనున పాత చిరునామా చెరిపి, గెయిల్ ఇంటి చిరునామా గుండ్రంగా రాసి పంపాను. కార్డు సరిగ్గా గెయిల్ ఇంటికే వచ్చింది. మంచి పని చేశానని ఆ రోజు అనుకున్నాను.

జూన్ మొదటి వారంలో పోటీల జాబితా వచ్చింది. మూడు పేర్ల పక్కన మా క్లబ్ పేరు ఉంది. వెర్నా పేరు పక్కన 'క్లబ్ లేదు' అని ఉంది. కింద ఒక్క వాక్యం: ఈ జట్టును రిలేకు తీసుకోలేము.

మా ప్రాంత సంఘంలో నమోదులు చూసే హాల్వర్సన్ గారికి ఫోన్ చేశాను. నెమ్మదైన మనిషి. కాగితాలు తిప్పి చూసి చెప్పారు.

"ఫారం జనవరిలో అవతలి చిరునామాతో వచ్చిందమ్మా. అంటే ఆమె అవతలి మనిషిగానే ఏడాది మొదలుపెట్టింది. మన క్లబ్‌లో ఉండడానికి వీల్లేదు."

"వంతెన దాటితే ఇల్లండీ. నడిచి వస్తుంది."

"తెలుసు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదా. అదే డిసెంబర్‌లో పాత చిరునామాతో వచ్చి ఉంటే ఈ ఏడాదంతా ఏ గొడవా ఉండేది కాదు. ఎందుకు ఆలస్యం చేసింది?"

ఆ ప్రశ్నకు జవాబు నా నోట్లోనే ఉంది.

"కనుక్కుంటానండీ," అన్నాను.

బుధవారం ట్రాక్ దగ్గర నలుగురికీ చెప్పాను. వెర్నా ఫారం జనవరిలో నది అవతలి చిరునామాతో చేరింది కాబట్టి ఒప్పుకోవడం లేదన్నాను. అది అబద్ధం కాదు. సగం చెప్పి ఆగడం ఎంత తేలికో ఆ రోజే తెలిసింది.

"నదిలో చేపల్ని కూడా ఏ ఒడ్డు సభ్యత్వం అని అడుగుతారా?" అంది బెర్నిస్.

"మనం ముగ్గురం అవతలి క్లబ్‌లో చేరిపోతే?" అంది అయోనీ.

"నీ ఇల్లు ఇవతల ఉంది కదే," అంది బెర్నిస్.

"గెయిల్ ఇంట్లో వరసగా చాపలు పరుచుకుని పడుకుంటాం."

"నీ గురకకు గెయిల్ నదిలో దూకుతుంది."

వెర్నా నవ్వలేదు. షూ లేసు విప్పి మళ్లీ కట్టింది. "నేను వద్దన్నాను. నా ఇంట్లో నన్ను ఉండనివ్వమన్నాను. గెయిల్ వినలేదు," అంది.

డెల్ఫీన్ తల పక్కకు తిప్పి, కంటి కొసతో ట్రాక్‌ను చూస్తోంది. మా క్లబ్‌లో ఎనభై దాటిన ఆడవాళ్లు ఇంకెవరూ లేరు.

మర్నాడు వెర్నా మా ఇంటికి వచ్చింది. "నన్ను కారులో గెయిల్ ఇంటికి తీసుకెళ్లు. బట్టలు తెచ్చుకోవాలి. డెల్ఫీన్ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. రేపటి నుంచి నా చిరునామా అదే."

గెయిల్ తన ఇంట్లో కింది గది తల్లి కోసం కొత్తగా బాగు చేయించింది. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడలకు కడ్డీలు, మంచం పక్కన గంట. మేము వెళ్లేసరికి ఆమె వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతోంది. వెర్నా సంచిలో బట్టలు కుక్కుతుంటే చేతిలో కత్తితో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా, ఏమిటిది?"

"నీ ఇంటికి రాకపోతే నాకు ఈ గతి పట్టేది కాదు."

"నాకు ఆ రూలు తెలీదమ్మా. తెలిస్తే..."

"తెలుసుకోవు. నీకు నా మంచం, నా మాత్రలు, నా స్నానం తెలుసు. నా కాళ్లు విరగ్గొట్టి కూర్చోబెట్టావు. మీ నాన్న ఉంటే నిన్ను గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు."

గెయిల్ ముఖం పాలిపోయింది. తండ్రి చివరి రెండు నెలలూ ఆమే చూసింది. ఊరంతటికీ తెలుసు. వెర్నాకు ఇంకా బాగా తెలుసు.

నేను రెండో సంచి పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఆ ఫారం మీరు డిసెంబర్‌లోనే ఇచ్చారు, ఆపింది నేను అని ఒక్క మాట చాలు. ముగ్గురం అంత దగ్గరగా ఉన్నాం. నేను సంచి కారులో పెట్టడానికి బయటికి వెళ్లాను.

కొత్త చిరునామా పంపిన నాలుగో రోజు హాల్వర్సన్ గారే ఫోన్ చేశారు. చిరునామా మారింది, సంతోషమే, కానీ ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి మారినవాళ్లు తొంభై రోజులు ఏ క్లబ్ పేరూ లేకుండా పరుగెత్తాలి. అంటే సెప్టెంబర్ దాకా. మినహాయింపు అడుగుతూ సంఘానికి ఉత్తరం రాశాను. రెండు పేజీలు, గుండ్రటి అక్షరాలతో. అందులో కూడా ఫారం ఎందుకు ఆలస్యమైందో రాయలేదు. సంఘం పెద్దలు ముగ్గురు కూర్చుని చదివి, ఏడాది మొదట్లో ఆమె ఉన్న అవతలి ఒడ్డున కూడా ఒక క్లబ్ ఉంది కాబట్టి మినహాయింపు కుదరదని జవాబిచ్చారు. ఆలస్యం నాదని రాస్తే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలుసుకునే వీలు నేనే లేకుండా చేసుకున్నాను.

అయినా పోటీలకు వెళ్లాం. ఎవరి పరుగులు వాళ్లకున్నాయి. ఏడు గంటల ప్రయాణం, బెర్నిస్ తెచ్చిన చీజ్ ముక్కలు, హామ్ శాండ్‌విచ్‌లు. వెనక సీట్లో అయోనీ పాత జోకులు చెప్పింది. వెర్నా కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చుంది. గెయిల్ రాలేదు. ఆమెను ఎవరూ పిలవలేదు.

శనివారం పొద్దున్న వెర్నా ఒక చుట్టు పరుగెత్తింది. మిగతా ముగ్గురూ మా క్లబ్ ఆకుపచ్చ చొక్కాల్లో ఉంటే ఆమె ఒక్కతే మామూలు తెల్ల బనీను వేసుకుంది. మైకులో ఆమె పేరు చదివి, క్లబ్ పేరు చదవాల్సిన చోట ఆగి, తర్వాతి పేరుకు వెళ్లిపోయారు. ఆమె మూడో స్థానంలో వచ్చింది. పతకం మెడలోంచి తీసి నిక్కరు జేబులో వేసుకుని మెట్ల మీద మా పక్కన కూర్చుంది.

ఎనభై దాటిన ఆడవాళ్ల రిలే మధ్యాహ్నం రెండూ నలభైకి ఉండాలి. ఆ వయసులో పేరిచ్చింది మా జట్టొక్కటే. మేము లేము కాబట్టి ఆ పోటీని కొట్టేశారు. కానీ అచ్చయిన వేళలు మార్చలేదు. రెండూ నలభై నుంచి రెండూ యాభై రెండు దాకా ట్రాక్ ఖాళీగా ఉంది. గీతల దగ్గర నిలబడేవాళ్లు గొడుగుల కిందికి పోయి కూర్చున్నారు. ఒకాయన బూటులోంచి ఇసుక దులుపుకున్నాడు. ఎండకు ట్రాక్ మీద గాలి వణుకుతోంది.

"ఎవరైనా ఉన్నారా అక్కడ?" అని డెల్ఫీన్ అడిగింది.

"ఎవరూ లేరు," అన్నాను.

"నా కళ్లే అనుకున్నాను."

ఆమె ఆ మాట నవ్వించడానికే అంది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు నేను చెప్పేశాను. ఫారం డిసెంబర్ మొదటి వారంలోనే వెర్నా ఇచ్చిందనీ, కార్డు పోతుందేమోనని సొరుగులో పెట్టింది నేననీ, జనవరిలో చిరునామా మార్చి పంపిందీ నేనే అనీ. హాల్వర్సన్ గారు అడిగినా చెప్పలేదని కూడా చెప్పాను. మొదలుపెట్టాక ఆగకుండా వచ్చింది.

బెర్నిస్ తన చేతుల్ని చూసుకుంటోంది.

"డిసెంబర్‌లోనే ఇచ్చాను కదూ," అంది వెర్నా.

"ఇచ్చారు."

"నేనే మర్చిపోయి ఆలస్యం చేశానేమో అనుకున్నాను. ఆర్వో పోయిన గొడవలో. రాత్రిళ్లు లేచి కూర్చుని గుర్తు చేసుకునేదాన్ని. గుర్తు రాక, నా బుర్ర పోతోందనుకున్నాను." ఆమె గొంతు పెంచలేదు. "అది ఒప్పుకోలేక నా కూతురి మీద వేశాను."

"నన్ను క్షమించండి."

"రిలే పోయింది, సరే. అది పోయేదే, ఎప్పటికైనా." ఆమె ట్రాక్ వైపే చూస్తోంది. "వాళ్ల నాన్న పేరెత్తి నేనన్న మాట విన్నావా నువ్వు? అక్కడే ఉన్నావు. విని, సంచి తీసుకుని బయటికి నడిచావు."

నేను తల ఊపాను.

"ఇంటికెళ్లాక గెయిల్‌కు నువ్వే చెప్పు. నేను వెళ్లలేను. ఆ మాట అన్నాక ఆ పిల్ల ముఖం ఎలా చూడను?"

డెల్ఫీన్ చెయ్యి చాపి వెతికింది. నా చెయ్యి దొరుకుతుందని ఆమె అనుకుందేమో, కానీ వెర్నా మోకాలు దొరికింది. అక్కడే ఉంచింది. డెబ్బై అయిదు దాటిన వాళ్ల రిలేకు తుపాకీ పేలింది. నలుగురూ చూశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆదివారం తిరిగి వచ్చాం. సోమవారం సాయంత్రం గెయిల్ ఇంటికి వెళ్లాను. ఆమె వాకిట్లోనే నిలబడి, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాకుండా అంతా విన్నది.

"ఆ రోజు గోడ పక్కన నిలబడింది నువ్వే కదా?"

"నేనే."

"అమ్మ వస్తుందా?"

"రానంటోంది. మీ ముఖం చూడలేనంటోంది."

గెయిల్ కాసేపు తన ఇంటి కింది గది కిటికీ వైపు చూసింది. తెర వేసి ఉంది. నన్ను తిడుతుందని నిలబడ్డాను. తిడితే బాగుండేది.

"గుండె మాత్ర రాత్రి భోజనం ముందు వెయ్యాలి. వేసుకుంటోందా?" అని అడిగింది.

నాకు తెలియదు. తెలియదని చెప్పాను.