షఖ్రా తోక వెంట్రుకలు

అతిథి ఏ వస్తువునైనా మెచ్చుకుంటే ఇక అది అతనిదే. మా ఎడారి జనానికి పట్టిన పాడు ఆచారమిది. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి మా గుడారంలో కాఫీ తాగుతూ, గుంజకు వేలాడుతున్న రబాబా వాద్యాన్ని చూసి "ఎంత బాగుందో!" అన్నాడు. మా ఆయన దహ్హామ్ దాన్ని తీసి అతని ఒళ్ళో పెట్టేశాడు. తెర వెనక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రబాబాకు ఉండేది ఒక్కటే తంతి. మా కొడుకు ఫైహాన్ తన గుర్రం షఖ్రా తోక వెంట్రుకలు ఏరి, దువ్వి, తన చేత్తో కట్టిన తంతి అది. వాడు యుద్ధంలో పోయాడు. శవమైనా రాలేదు. గుర్రమూ చచ్చింది. వాడి చెయ్యి తగిలినది లోకంలో అదొక్కటే మిగిలింది.

"ఇవ్వకపోతే తలెత్తుకు తిరగగలనా?" అన్నాడు దహ్హామ్.

"తిరుగు! నీ కొడుకును దానం చేసి బాగా తిరుగు!"

ఆ రోజు నుంచి ఆయన్ని తిట్టని పూట లేదు.

ఆ పెద్దమనిషి రబాబాను మ్యూజియానికి ఇచ్చాడని తెలిసి ఈ చలికాలం బస్సెక్కాం. ఇచ్చినదాన్ని తిరిగి అడిగే నోరు మాకు లేదు. "అడగొద్దు, మెచ్చుకో. వాళ్ళే ఇస్తారు," అన్నాను. దహ్హామ్ ముఖం నల్లబడింది. ఇస్తారేమోనన్న భయంతో పుట్టి బుద్ధెరిగాక పరాయి వస్తువును మెచ్చుకోని మనిషి.

అక్కడి అధికారి మంచివాడు. మా ఊరి పేరు వినగానే అద్దాల పెట్టె తెరిచాడు.

"చాలా బాగుంది బాబూ," అన్నాడు దహ్హామ్ తల వంచుకుని. "ఎంత బాగుందో."

"సంతోషం తాతా! వచ్చినప్పుడు ఇలా లేదు. వెంట్రుకలకు పురుగు పడితే తీయించి తగలబెట్టించాం. ఇదిగో, కొత్త నైలాన్ తంతి."

తంతి తెల్లగా మెరుస్తోంది.

"తగలబెట్టారా?" అన్నాను.

"అవును పెద్దమ్మా, లేకపోతే మిగతావాటికీ పట్టేది."

"బాగుంది," అంటూనే ఉన్నాడు దహ్హామ్. ఆయనకు ఆపడం తెలియలేదు. అధికారి నవ్వి, పెట్టెకు తాళం వేశాడు.

తిరుగు బస్సులో దహ్హామ్ నా వైపు చూడలేదు. చాలా దూరం వచ్చాక, "ఫైహాన్ తల్లీ, తిట్టవే," అన్నాడు.

తిడదామనే నోరు తెరిచాను. ఒక్క మాటా రాలేదు.