ఉమ్మడి గస్తీ

ఆ సరస్సు సగం ఈ దేశానిది, సగం అవతలి దేశానిది. నీళ్ళ మీద గీత ఎక్కడుందో జాలర్లెవరూ ఏనాడూ పట్టించుకోలేదు. విదేశీ సాయంతో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకుని, గీత పొడవునా పసుపురంగు పీపాలు తేలేలా కట్టాక పట్టించుకోక తప్పలేదు. ఉమ్మడి గస్తీకి కొత్త పడవ వచ్చింది. దాని చుక్కాని పట్టడానికి, ఏ మూల ఎంత లోతో చెప్పగలడని అందరూ లోతుగాడని పిలిచే జాలరిని తీసుకున్నారు.

యూనిఫాంలో అతన్ని చూసి అక్క మురిసిపోయింది. “ఇక మనల్ని పట్టుకునేది మీ తమ్ముడేనే,” అని బావ నవ్వాడు.

మూడో వారం విదేశీ అతిథులు గస్తీ చూడ్డానికి పడవెక్కారు. గాలివాన అప్పుడే వెలిసింది. పీపాలకి అవతల ఒక చిన్న పడవ, అందులో బావ.

“సార్, గాలికి పీపాలు ఇటు జరిగాయి. అతను మన నీళ్ళలోనే ఉన్నాడు,” అన్నాడు లోతుగాడు.

“నీకు తెలిసినవాడా?” అన్నాడు ఆఫీసరు.

అతిథులు కెమెరాలు ఎత్తారు. లోతుగాడు చుక్కాని వైపు తిరిగాడు.

“తెలీదు సార్.”

ఒప్పందం ప్రకారం, గీత దాటాడని బావని అవతలి పోలీసులకి అప్పగించారు. అతిథులు చప్పట్లు కొట్టారు.

నాలుగు నెలలకి బావ తిరిగొచ్చాడు. విరిగిన వేళ్ళు అడ్డదిడ్డంగా అతుక్కున్నాయి. వల మాట అటుంచి, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేడు. లైసెన్సు రద్దయింది. అక్క తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. వల భుజానేసుకుని, దొంగచాటుగా తనే వేటకి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత నెలంతా గస్తీకి ఒక్క పడవా చిక్కలేదు. ఆఫీసరు లోతుగాణ్ణి గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“జాలర్లకి ముందే కబురందిస్తున్నావని అవతలివాళ్ళ అనుమానం. రెండ్రోజులు నిన్ను పంపమంటున్నారు. మాట్లాడతారట.”

లోతుగాడు తన చేతుల వంక చూసుకున్నాడు. “దొంగవలలు వేసే చోటొకటుంది సార్,” అన్నాడు.

చేపలు గుడ్లు పెట్టే చోటని వేట నిషేధించిన తుంగలోకి పడవ పోనిచ్చాడు. లోపల సన్నటి పాయ ఉంది. ఊళ్ళో సగంమంది దొంగచాటుగా అక్కడే వల వేస్తారు. అక్క కాకుండా ఇంకెవరైనా సరే, ఉంటే చాలనుకున్నాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో అక్క ఒక్కతే ఉంది.

ఆమె పారిపోలేదు. గస్తీ పడవలోని పోలీసులు చెయ్యి పట్టుకుంటే విడిపించుకోలేదు. తమ్ముడి వైపు మాత్రం తిరిగింది.

“మీ బావ పొద్దుట్నుంచీ ఏం తినలేదురా. వెళ్ళి నువ్వే కలిపి పెట్టు.”

అతను వెళ్ళాడు. అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే బావ మొహం తిప్పేసుకున్నాడు. మర్నాడూ అంతే. మూడో రోజు, కళ్ళు మూసుకుని, నోరు తెరిచాడు.