సెట్ పగిలింది

ఆమెకు సెట్ అంటే పళ్లే. అన్నయ్య పళ్ల డాక్టరు. ఆయన ఆస్పత్రి వెనక గదిలో ఇరవై ఏళ్లుగా కట్టుడు పళ్లు చేస్తోంది. అందుకే ఆ మధ్యాహ్నం ఫోనులో ఓ పెద్దాయన "సెట్ పగిలింది. రేపటికల్లా నిలబడకపోతే నా పరువు పోతుంది" అని పెట్టేసేసరికి, మరో ఆలోచన లేకుండా మైనమూ ఆకురాయీ సంచిలో వేసుకుని బయల్దేరింది. గొంతు తెలిసినదే. నాటకాలకు తెరలు వేసే పెయింటరు బాబాయి. పోయిన నెలే రెండు వరసలూ చేసిచ్చింది. పళ్లు నిలబడటమేమిటని మాత్రం దారిలో అనుకుంది.

నాటకశాలలో, ఎండలోంచి వచ్చిన కళ్లకు మొదట ఏమీ ఆనలేదు. కాసేపటికి చీకట్లోంచి ఒక ఇల్లు తేలింది. మూడే గోడలు. కిటికీ అవతల గుడ్డ మీద ఏరు, తడి ఆరని నీలం. నిచ్చెన మీంచి బాబాయి నోరారా నవ్వాడు. ఇరవై ఎనిమిది పళ్లూ నిక్షేపంలా ఉన్నాయి.

ఆయన ఫోను చేయబోయింది అచ్చులు పోసే మేస్త్రీకి. ఇద్దరి నంబర్లూ పుస్తకంలో 'సెట్' అన్న మాట కిందే రాసుకున్నాడట. పగిలింది ఆ ఇంటి స్తంభం పైభాగం. తనే పోసుకుందామంటే ప్లాస్టర్ గంట నుంచీ జావలాగే ఉంది.

"ఎంతకీ సెట్ అవడం లేదమ్మా," అన్నాడు దిగాలుగా.

ఈ సెట్ సంగతి ఆమెకు బాగా తెలుసు. బస్తాలో చెయ్యి పెట్టి చూసి, పొడికి చెమ్మ తగిలిందని చెప్పింది. కొత్త బస్తా విప్పించి, త్వరగా గట్టిపడేందుకు నీళ్లలో కాస్త ఉప్పు వేసి కలిపింది. రోజూ గుప్పెడు ప్లాస్టర్ కలిపే చేతులు మోచేతుల దాకా తెల్లబడ్డాయి. అచ్చు నింపి, గట్టిపడేదాకా ఆ ఇంట్లోనే కుర్చీలో కూర్చుంది.

రెప్పలు బరువెక్కాయి. గుడ్డ కదిలినప్పుడల్లా ఏరు పారుతున్నట్టే ఉంది. ఎవరి ఇల్లని అడిగింది మగతగా.

"ఇంకా ఎవరూ రాలేదు. రేపొస్తారు. అందాకా నువ్వే ఉండమ్మా."

లేచి అచ్చు మీద అరచెయ్యి ఆనించింది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందని ఆమెకు కొత్త కాదు. కానీ ఇన్నాళ్లూ ఆ వేడి వేలికొసలకే తెలుసు. ఇప్పుడు రెండు చేతులా పొదివి పట్టుకున్నా మిగిలిపోయేంత ఉంది. చెంప కూడా ఆనించింది. బాబాయి చూడనట్టే రంగు వేసుకుంటున్నాడు.

అప్పుడే వదిన ఫోను. ఆస్పత్రిలో అన్నయ్య దగ్గర ఇద్దరు కాచుక్కూర్చున్నారట, ఎక్కడున్నావని అడిగింది.

"ఇంట్లోనే ఉన్నాను వదినా," అంది ఆమె.

"ఇంట్లోనా? ఇంట్లో నేనే కదా ఉన్నాను!"

గంటలో వస్తానంది. అచ్చు విప్పడానికి ఇంకా పావుగంటే చాలు. మిగతా సమయం కిటికీ దగ్గర నిలబడింది.