ఇంకా ఇద్దరున్నరు

నేను ఒక మౌస్‌ని. కంప్యూటర్ పక్కన తోకేసుకుని పడి ఉండే ప్లాస్టిక్ ముద్దని. పుట్టిన దగ్గర్నుంచి ఒక్కచోట స్థిమితంగా ఉన్నది లేదు. మనిషి కదలకుండా కూర్చుంటే ధ్యానం అంటారు. నేను కదలకపోతే మాత్రం తలకిందులు చేసి, కడుపులో ఉఫ్‌మని ఊది, చెంప మీద రెండు వేసి చూస్తారు.

సముద్రాలకవతల ఒక ఫ్యాక్టరీలో, నాలాంటివి రోజుకు వేలల్లో పుట్టే చోట నేనూ పుట్టాను. అక్కడొక యంత్రం నా ఎడమ బొత్తాన్ని పదే పదే నొక్కి, ఇది ఓర్చుకుంటుందిలే అని తేల్చి డబ్బాలో పడేసింది. ఆ అంచనా మనుషుల సంగతి తెలియక వేసింది. హనుమకొండలో ఒక దుకాణం అరలో నాలుగు నెలలు దుమ్ము కొట్టుకుపోయాక, గుండేటి ప్రవళిక అనే అమ్మాయి నన్నూ, నా తోటివి మూడింటినీ కొనుక్కుపోయింది.

ఆమె ఆఫీసు ఒక పిండి గిర్నీ పైన ఒకే ఒక్క గది. కింద గిర్నీ తిరిగినంతసేపూ పైన బల్లలు వణికేవి. బల్లతో పాటు నేను, నాతో పాటు తెర మీద బాణం గుర్తు. సాయంత్రానికి అందరి జుట్టు మీదా జొన్నపిండి. ఆ గదిలో ప్రవళిక, ఆమెతో చదువుకున్న అఫ్సర్ కలిసి మూడేళ్లుగా ఒక వీడియో గేమ్ తయారు చేస్తున్నారు. ఆమె బొమ్మలు గీస్తుంది, కథ ఆలోచిస్తుంది. అతను ఆ బొమ్మలకు ప్రాణం పోసే లెక్కలు రాస్తాడు. గేమ్ పేరు మట్టికోట.

అది ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి లోకం. ఆడేవాళ్లకు ఒక గుట్ట, కొంత రాయి, కొంత మట్టి, నలభైమంది మనుషులు, పది జతల ఎడ్లు ఇస్తారు. ఇది చెయ్యి, అది చెయ్యి అని ఎవరూ చెప్పరు. పొలం దున్నించుకోవచ్చు, అంగడి పెట్టుకోవచ్చు, గోడ కట్టుకోవచ్చు. మూడో ఏడు పక్క రాజ్యం సామంతుడు గుర్రాలతో వచ్చి పడతాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ గేమ్ సగమే తయారైంది. కుమ్మరి సారె తిరిగేది గానీ కుండ వచ్చేది కాదు. గుర్రాలు కొన్నిసార్లు గోడలోంచి నడిచిపోయేవి.

ఆడి చూసి అభిప్రాయం చెప్పండని వాళ్లిద్దరూ ఊళ్లోవాళ్లను ఆదివారాలు పిలిచేవారు. అట్లా నా వీపు మీదికి రకరకాల అరచేతులు వచ్చాయి. ఇంజనీరింగ్ పిల్లలు మిర్చిబజ్జీ నూనెతో వచ్చి, టకటకటక నొక్కి, గంటలో లోకాన్ని జయించి, 'ఇంకేం లేదా?' అని కాగితం మీద రాసి పోయేవారు. ఒక చరిత్ర లెక్చరర్ అయితే కోట వైపు చూడనే లేదు. అంగట్లో ఎర్రటి కుప్పలు చూసి మండిపడ్డాడు. "అమ్మా, ఆ కాలానికి మిరపకాయ మన దేశానికే రాలేదు. తీసెయ్!" ప్రవళిక రెండు రోజులు కూర్చుని మిరపకాయలన్నిటినీ మిరియాలు చేసింది. తర్వాతి ఆదివారం ఒక కుర్రవాడు రాశాడు: 'అంగడి బొగ్గుల అడితి లెక్కుంది.'

అభిప్రాయాలు చదివిన ప్రతిసారీ ప్రవళిక లేచి గదిలో అటూ ఇటూ తిరిగేది. అఫ్సర్ గోళ్లు కొరుక్కునేవాడు. ఎందుకంటే బెంగళూరులో ఒక కంపెనీ, గేమ్ నచ్చితే తామే విడుదల చేస్తామంది. ఉగాదికి ముందు మనిషిని పంపి చూస్తామంది. వాళ్లు కాదంటే, ఇద్దరూ గది ఖాళీ చేసి తలో ఉద్యోగం చూసుకోవాలి.

ఒక మంగళవారం పొద్దున, జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన అనసూయమ్మ పైకెక్కి వచ్చింది. వెనక ఆమె భర్త, ఒక్కో మెట్టూ ఆగి ఆగి.

"బిడ్డా, ఈడ ఆటలాడిపిస్తరంట గద. మా ఆయనను ఆడనిస్తరా? డాక్టరు చెయ్యి కదపమన్నడు. ఇంట్ల రబ్బరు బంతి ఇస్తే గోడకు కొడ్తడు."

ఆయన పేరు ఎర్రోజు సారంగపాణి. యాభై రెండేళ్లు. బస్సు కండక్టరు. ఏడు నెలల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట మెల్లగా తిరిగి వచ్చింది గానీ, చెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఆ చెయ్యి నా మీద పెట్టినప్పుడు నాకు భయమేసింది. బరువుగా, చల్లగా, నేల మీద వదిలేసిన మూటలాగా ఉంది. చూపుడువేలు నా బొత్తాం మీద వణికింది గానీ దిగలేదు. ఎడమచేత్తో మోచేతిని కిందినుంచి పట్టుకుని, పళ్లు బిగించి నొక్కాడు. తెర మీద ఒక మనిషి పార భుజాన వేసుకుని పొలానికి బయల్దేరాడు.

"పోతున్నడే!" అన్నాడు సారంగపాణి.

ఆ రోజు నుంచి వారానికి నాలుగు పొద్దులు వచ్చేవాడు. మిగతావాళ్లకు ఆ నలభైమంది చీమలు. ఈయనకు మాత్రం ప్రయాణికులు. ఎవరు ఎక్కడికి పోయారో, పొద్దుగూకేసరికి వెనక్కి వచ్చారో లేదో లెక్క పెట్టుకునేవాడు. మేకను తాడుతో లాక్కుపోయే ఒక ముసలామె ఉండేది. ప్రవళిక ఊరికే సరదాకు గీసిన బొమ్మ. ఆమె నడక మరీ నిదానం. ఆమెకు దగ్గరలోనే గడ్డి దొరకాలని సారంగపాణి కోట పక్కన ఒక బీడు వదిలిపెట్టాడు.

తర్వాత ఆటలో మూడో ఏడు వచ్చింది. నగారా మోగింది. మోగగానే కోట తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. అఫ్సర్ అట్లా రాశాడు, ఆట ఉరుకులు పరుగులుగా ఉండాలని. పొలాల్లో ఉన్న ముప్పైఒక్కమంది పరుగెత్తుకొచ్చి మూసిన తలుపుల ముందు నిలబడ్డారు. కొందరి నెత్తిన గంపలు అట్లాగే ఉన్నాయి. సారంగపాణి చెయ్యి నన్ను తలుపు మీదికి లాగుతోంది, వేలు దిగడం లేదు, మళ్లీ లాగుతోంది. గుర్రాలు వచ్చాయి.

"తలుపు ఎందుకు మూసుకున్నది?" ఆయన అఫ్సర్ వైపు తిరిగాడు. "నేను రైట్ అనలె గదా! నేను అనకముందే ఎట్ల మూస్తరు?"

"అంకుల్, అది గేమ్ రూల్," అన్నాడు అఫ్సర్ నెమ్మదిగా. "వేగంగా ఉన్నోళ్లు ముందే లోపలికి తెచ్చుకుంటరు."

ఆయన నన్ను వదిలేసి లేచిపోయాడు. తర్వాతి వారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

ఇంజనీరింగ్ పిల్లల వేళ్లు నా మీద టకటకలాడుతూనే ఉన్నాయి. కానీ ప్రవళిక మాటిమాటికీ మెట్ల వైపు చూసేది. చివరికి ఒకరోజు గిర్నీ దగ్గర అనసూయమ్మను పట్టుకుని పైకి తీసుకొచ్చింది. ఆమె పిండి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"తిండి సరిగ తింటలేడు బిడ్డా. మావోళ్లు బయటనే నిలబడ్డరు అంటడు. నీకు చెప్పలె గని, ఆ దినం బస్సులనే గద ఆయనకు పాణం మీదికొచ్చింది. బస్సు ఆగింది. ఒక ముసలామె దిగుతాంది. అప్పుడే ఈయనకు నోరు పడిపాయె, చెయ్యి పడిపాయె. వెనకనుంచి ఎవడో తొందరపడి రైట్ అని మొత్తుకున్నడు. కండక్టరే అన్నడనుకొని డ్రైవరు బండి కదిలిచ్చిండు. ఆమె కింద పడ్డది, తుంటి ఇరిగింది. ఈయన తప్పేం లేదని అందరు చెప్పిన్రు. ఆమె బిడ్డ గూడ ఇంటికొచ్చి చెప్పిపోయింది. ఈయనకే ఎక్కుతలేదు."

గిర్నీ ఆగింది. బల్ల వణకడం మానేసింది. అఫ్సర్ వెనక్కి తిరిగి తన తెరనే చూస్తూ ఉన్నాడు. ఆమె వెళ్లాక ప్రవళిక అడిగింది.

"తలుపు మార్చగలవా?"

"పది రోజుల్ల బెంగళూరు వాళ్లొస్తరు. ఇప్పుడు దాన్ని కదిపితే ఇంకేం విరుగుతదో నాకు తెల్వదు. ఆట నెమ్మదైతది. వాళ్లకు కావాల్సింది స్పీడు."

"తెలుసు."

"తెలిసి అడుగుతవేంది మరి?" అని కసిరి, తన మౌస్ పక్కకు నెట్టి, తిన్నగా వచ్చి నన్ను పట్టుకున్నాడు. ఎందుకో నన్నే. రెండు రోజులు ఆ చెయ్యి నన్ను వదల్లేదు. మూడో రోజుకు తలుపు ఆడేవాళ్ల చేతికి వచ్చింది. వాళ్లు చెప్తేనే మూసుకుంటుంది. చెప్పకపోతే తెరిచే ఉంటుంది, శత్రువుకు కూడా.

బెంగళూరు నుంచి మృదుల అనే ఆవిడ వచ్చింది. చేతి గడియారం వంక చూసుకుంటూనే మెట్లెక్కింది. ముందుగా అనుకున్నట్టే ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు ఆడారు. నగారా మోగగానే తలుపు మూసి, బయట ఉన్నవాళ్లను వాళ్ల ఖర్మకు వదిలి, గోడ మీదినుంచి బాణాలు వేసి ఇరవై నిమిషాల్లో గెలిచారు.

"మళ్లీ ఆడతారా?" అని అడిగింది ఆవిడ.

"చూస్తాం మేడమ్," అన్నాడు ఒకడు, ఫోన్ చూసుకుంటూ.

అప్పుడే సారంగపాణి వచ్చాడు. తలుపు మార్చారని అనసూయమ్మ చెప్పి పంపిందట. గదిలో ఎవరో పెద్ద మనిషి ఉందని ఆయనకు తెలియదు. వచ్చి తన కుర్చీలో కూర్చుని, నా మీద చెయ్యి వేసి, ఆట మొదలుపెట్టాడు. ప్రవళిక ఆపబోయి, ఆపలేదు.

ఆయన ఆడుతుంటే మృదుల మొదట గోడకానుకుని నిలబడింది. తర్వాత కుర్చీ లాక్కుంది. నాకు మాత్రం ఆ చెయ్యి తప్ప ఇంకేదీ తెలియలేదు. తడిగా ఉంది, వేడిగా ఉంది. మోచేతి కింద ఎడమచెయ్యి ఉందో లేదో కూడా ఆయన మరిచిపోయినట్టున్నాడు.

నగారా మోగింది. తలుపు తెరిచే ఉంది. పొలాలనుంచి మనుషులు వరసగా పరుగెత్తుతున్నారు. దూరంగా గుర్రాల దుమ్ము లేచింది. పది, పద్దెనిమిది, ముప్పై. దుమ్ము పెద్దదైంది.

"మూసేయండి!" అంది మృదుల, తనకు తెలియకుండానే.

"ఆగమ్మా. ఇంకా ఇద్దరున్నరు."

గంపలవాడొకడు, మేక ముసలామె. గంపలవాడు లోపలికొచ్చాడు. ముసలామె నిలబడి మేకను లాగుతోంది. మేక రావడం లేదు. అఫ్సర్ గొణిగాడు, "ఆ మేకను మొండిదాన్ని చేసింది నేనే." గుర్రాలు బీడు దాటాయి. నా బొత్తాం మీద వేలు ఆగి ఉంది, రాయిలాగా, ఒక్క పిసరు వణుకు లేకుండా. ముసలామె గడప దాటింది. మేక తోక దాటింది.

"రైట్!" అని అరిచి నొక్కాడు.

తలుపు మూసుకుంది గానీ, ఏడుగురు రౌతులు అప్పటికే లోపలికి దూరారు. ధాన్యపు కొట్లకు నిప్పు పెట్టారు. అంగడి కాలింది. జనం బిందెలతో నీళ్లు పోశారు, రాళ్లు రువ్వారు, చివరికి ఆ ఏడుగురినీ తరిమారు. తెర మీద బూడిద, పొగ, నలభైమంది మనుషులు. గింజ లేదు.

"ఇప్పుడేం తింటారు వీళ్లు?" అంది మృదుల ముందుకు వంగి. "తర్వాత ఏమవుతుంది?"

అఫ్సర్ గోళ్లు కొరకడం ఆపాడు. "తర్వాతది ఇంకా తయారు కాలేదు మేడమ్."

ఆవిడ ఎక్కాల్సిన రైలు అప్పటికే వెళ్లిపోయింది. సారంగపాణిని అభిప్రాయం అడిగింది. ఆయన కుడిచేతిని ఒళ్లోకి తీసుకుని ఎడమచేత్తో రుద్దుకుంటూ చెప్పాడు. "సగమే చేసిన్రు. గుర్రాలు గోడలకెల్లి పోతున్నయ్. ఆ కుమ్మరాయన పాపం ఎన్ని దినాలాయెనో సారె తిప్పుడు. గని నేను పోయినంక వీళ్లు ఏం తిన్నరో అని ఇంటికాడ గుడ ఇదే రంది ఉంటది. గంతే."

సినిమాల్లో అయితే కంపెనీ అక్కడికక్కడే ఒప్పుకునేది. మృదుల మనసు పెట్టే రిపోర్టు రాసింది, పాపం. కానీ పదకొండు రోజుల తర్వాత పైవాళ్ల జవాబు వచ్చింది: నెమ్మదిగా ఉంది, వద్దు. ప్రవళిక దాన్ని మూడుసార్లు చదివి, కిటికీ దగ్గరికి వెళ్లి, తిరిగి వచ్చి, నన్ను పట్టుకుని గేమ్‌ను అట్లాగే, సగం సగంగానే, తమంతట తామే బయటికి వదిలేసింది. ఏవేవి పూర్తి కాలేదో ముందు పేజీలోనే రాసిపెట్టింది. అఫ్సర్ హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగానికి కుదిరి, సెలవు రోజుల్లో మాత్రం వచ్చి పని చేసేవాడు.

అభిప్రాయాలు ముందు చుక్కల్లా, తర్వాత జల్లులా వచ్చాయి. 'సగం గేమ్ అమ్మడానికి సిగ్గుండాలి.' 'మేక చిరాకు.' 'మేకను తీసెయ్యకండి.' 'మా అమ్మ ఆడుతోంది, నాకు కంప్యూటర్ ఇవ్వడం లేదు.' 'అందర్నీ లోపలికి తెచ్చాను. ఇప్పుడేం చెయ్యాలి? త్వరగా చెప్పండి.' ప్రవళిక ఒక్కొక్కటీ చదువుతూ, మధ్యలో లేచి తిరుగుతూ, మళ్లీ వచ్చి చదివేది. ఆమెకు నెమ్మది ఈ జన్మలో రాదు.

నా ఎడమ బొత్తాం అప్పటికే పాడైంది. లోపల జొన్నపిండి చేరి, ఒకసారి నొక్కితే రెండుసార్లు పలికేది. ఒకణ్ని పొలానికి పొమ్మంటే ఇద్దరు పోయేవారు. కొత్తదాన్ని కొని నన్ను చెత్తబుట్టలో వేయబోతుంటే, సారంగపాణి అడ్డుపడి లాల్చీ జేబులో వేసుకుపోయాడు.

వాళ్లింట్లో కంప్యూటర్ లేదు. నా తోక ఇప్పుడు దేనికీ తగిలించి లేదు. టీవీ కింది బల్ల మీద గుడ్డ పరిచి, పొద్దున్నే నన్ను కదుపుతాడు. ఇటు, అటు, గుండ్రంగా. మొదట్లో నాకు కాలు నిలవలేదు. ఇంత తిరిగినా ఎక్కడా ఏమీ జరగడం లేదే, ఎవడూ పొలానికి బయల్దేరడం లేదే అని గింజుకున్నాను.

మొన్న అనసూయమ్మ పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమయ్యా, దీన్ని ఎట్ల పట్టుకుంటరు? నాకు గుడ చూపియ్యి. నీ ఆట నేనుగుడ ఆడి చూస్త."

గరిటె పట్టి పట్టి కాయలు కాచిన అరచెయ్యి నా మీద పడింది, భయం భయంగా. దాని మీద ఆయన తన కుడిచెయ్యి పెట్టాడు. మోచేతి కింద ఎడమచెయ్యి లేదు.

"గట్టిగ పట్టకు," అన్నాడు. "ఊకెనే చెయ్యి ఎయ్యి."

ఆమె ఆ చేతి వంకే చూస్తూ ఉండిపోయింది. వంటింట్లో పప్పు పొంగింది. ఇద్దరూ లేవలేదు. ఆ రెండు చేతుల కింద నేనూ కదల్లేదు.