మళ్లీ మడతపెట్టే మనిషి

ఆడవాళ్లు నిన్న మడతపెట్టి పోయిన దుప్పట్లను ఒక్కొక్కటే విప్పి, అంచులు కలిపి, మళ్లీ మడతపెడుతున్నాడు, అందరూ 'పర్లేదు' అని పిలిచే మనిషి. హోటలు లాండ్రీకి సూపర్‌వైజరు. తప్పు చేసినవాళ్లను పల్లెత్తు మాట అనడు. వాళ్లకు అరికాలి మంట నెత్తికెక్కేది అందుకే.

"నచ్చకపోతే మొహం మీద చెప్పొచ్చుగా! మేం పోయాక దొంగచాటుగా ఈ సవరింపులేంటి?" అంది అప్పుడే వచ్చిన పెద్దక్క. ఇస్త్రీ యంత్రం నడిపేది ఆవిడే.

"అబ్బే, పర్లేదమ్మా."

ఆ మాటే పేరైపోయింది. బక్క మనిషి. ఎవరో కొట్టబోతున్నట్టు ఎప్పుడూ ఓ భుజం పక్కకు తిప్పి నిలబడతాడు. ఏళ్లతరబడి ఉతికే తొట్ల దగ్గర పనిచేశాక ఈ పదవి ఇచ్చారు. పొరపాటున ఇచ్చారనీ, నోరు విప్పితే ఆ పొరపాటు బయటపడుతుందనీ అతని భయం. ఇలాంటివాణ్ణి చూసి జాలిపడేవాళ్లుంటారు. అతని కింద పనిచేసి చూడమనండి.

ఆ రోజు గొడవ యంత్రం మూతది. స్ప్రింగు వదులై, ఎత్తిన మూత దానంతటదే పడుతోంది. నిన్న పెద్దక్క వేళ్లు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. బాగుచేయిస్తేగానీ చెయ్యి పెట్టేది లేదని అందరూ తెగేసి చెప్పారు. యంత్రం ఆపాలని మేనేజరుకు చెప్పాల్సింది పర్లేదే. మాటలు గొణుక్కుంటూ మెట్లెక్కాడు. అక్కడే పనిచేసే అతని మరదలు కూడా వెంట వెళ్లింది, తలుపు దాకా.

మేనేజరు తలెత్తలేదు. "సాయంత్రానికి గదులన్నీ నిండుతున్నాయి. దుప్పట్లకేం ఢోకా లేదుగా?"

"పర్లేదు సార్. అయిపోతాయి."

మరదలు కిందికొచ్చి ఆ మాట అందరి ముందూ కక్కేసింది. వెనకే దిగొచ్చిన అతన్ని చూసి పెద్దక్క ఏప్రన్ విప్పి బల్ల మీద విసిరికొట్టింది.

"నీ లెక్కలో నువ్వే పూచికపుల్లవి. ఇంక మా చేతులేం లెక్కలోకొస్తాయి?"

అతను యంత్రం దగ్గరికెళ్లి, ఒక చేత్తో మూత ఆపిపట్టి, రెండో చేత్తో దుప్పటి పరిచాడు. దించాడు, ఎత్తాడు, ఇంకోటి పరిచాడు. ఆవిరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఎవరూ సాయానికి లేవలేదు. చావనీ అనుకున్నారు, ఊరికే అనుకునే మాటే.

మధ్యాహ్నం దాటాక మొహం పాలిపోవడం మరదలు చూసింది. "చాల్లే బావా, కూర్చో."

"పర్లేదు," అని దుప్పట్ల మూట మీదికి ఒరిగాడు. పోయాడని కాసేపటిదాకా ఎవరికీ తెలియలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

మర్నాడు పెద్దక్క మేనేజరు గదిలోకెళ్లి, "బాగయ్యేదాకా ఆ యంత్రం నడవదండీ," అంది. ఆయన సరేనన్నాడు. అంతే. పూట తిరిగేలోపు మెకానిక్కు వచ్చి కొత్త స్ప్రింగు వేసిపోయాడు. ఆవిడకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

"ఒక్క మాట! ఆ ఒక్క మాట అనలేక చచ్చావు కదయ్యా!" అని గోడ వైపు తిరిగి తిట్టింది.

సామాన్లు తీయడానికి లాండ్రీలో అతనికిచ్చిన ఆఫీసు గది తెరిచారు. సూపర్‌వైజరు అయిన రోజున అతని కోసం తెప్పించిన కుర్చీ, కొట్టువాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఎక్కడా నలగకుండా, బల్ల ముందు అలాగే ఉంది.