లేత నెమలికంఠం

అబ్దుల్ ఖాదర్ కళ్లు మూసుకుని ఎడమ అరచేతిని కారు వెనక తలుపు మీద మెల్లగా జరుపుతున్నాడు. కంటికి ఆనని గుంట చేతికి తగులుతుంది. తగిలినచోట వాటర్ పేపరు నీళ్లలో ముంచి గుండ్రంగా రుద్దుతాడు. మళ్లీ అరచెయ్యి. లప్పం నీళ్లు బూడిదరంగుగా కారి మోచేతి మీదుగా లుంగీలోకి దిగుతున్నాయి. బక్కపలచటి మనిషి. కనుబొమల మీద లప్పం పొడి పేరుకుని అరవై ఏళ్ల వాడిలా ఉన్నాడు గాని యాభై నాలుగే. గోళ్ల మొదళ్లలో ఏళ్ల తరబడి దిగిన రంగులు ఏ సబ్బుకీ పోవు.

గుంటూరు ఆటోనగర్‌లో ఆ రేకుల షెడ్డు చెంచయ్యది. ఇంజను పని చెంచయ్యది, బాడీ పని ఖాదర్‌ది. ఇద్దరూ పాతికేళ్లుగా ఒకే కప్పు కింద ఉన్నారు. ఆ రెండువేల నాలుగు వేసవిలో వాళ్ల చేతికొచ్చింది ఒక ఇంపాలా కారు. చిలకలూరిపేట పొగాకు వ్యాపారి ఒకాయన ఒకప్పుడు మద్రాసు నుంచి తెప్పించుకున్న బండి. ఆయన పోయాక వారసులు దాన్ని కొన్నాళ్లు ఎండలో నిలబెట్టారు, కొన్నాళ్లు దాంట్లో మిర్చి బస్తాలు యార్డుకు తోలారు, ఆ తర్వాత పత్తి గోడౌను పక్కన వదిలేశారు. శ్రీకృష్ణ అనే కార్ల వ్యాపారి దాన్ని కొని ఇక్కడికి లాక్కొచ్చాడు. బాగుచేసి హైదరాబాదులో అమ్మాలని అతని ఆలోచన. వెనక సీటు ఊడదీసిన రోజు కింద నుంచి దోసెడు మిరపగింజలు రాలాయి. షెడ్డులో అందరూ సాయంత్రం దాకా తుమ్ముతూనే ఉన్నారు.

తలుపు రబ్బరు కింద మొదటి రంగు చిన్న పట్టీ మిగిలి ఉంటే ఖాదరే చూశాడు. నెమలికంఠం చీరను పదేళ్లు ఉతికితే వచ్చే రంగు. "అదే కొట్టించండి. మొదటి రంగైతేనే మోజుపడతారు" అన్నాడు శ్రీకృష్ణ.

రంగు కలిపింది ఖాదరే. కొట్టేది మాత్రం అతను కాదు. సంక్రాంతి ముందు దగ్గు తగ్గక ఆసుపత్రికి వెళ్తే డాక్టరు ఎక్స్‌రే చూసి, స్ప్రే గన్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. పక్కనే ఉన్న జహీరున్నీసా ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే భర్త చేత మాట తీసుకుంది. సొట్టలు తీసే టింకరింగు చేసుకుంటాడు, లప్పం పెట్టుకుంటాడు. గన్ మాత్రం పట్టడు. అప్పటినుంచీ రంగులు కొట్టడానికి తాడేపల్లి నుంచి ఒక పెయింటరు వచ్చి పోతున్నాడు.

ఇవాళ అతను రావాలి. రేపు పొద్దున హైదరాబాదు నుంచి బండి కొనేవాళ్లు లారీ తీసుకుని వస్తున్నారు.

తొమ్మిదింటికి శ్రీకృష్ణ వచ్చాడు. సెల్‌ఫోను జేబులో పెట్టుకుంటూ, "ఖాదర్ గారూ, తాడేపల్లి ఆయన రానన్నాడండి. బెజవాడలో ఏదో పెద్ద పని దొరికిందంట" అన్నాడు.

చెంచయ్య ఇంజను మీదనుంచి తలెత్తాడు. "మరెట్టా?"

"ఏం చేస్తాం? ఈ బూడిదరంగు ప్రైమర్ మీదే చూపిస్తా. రేటు తగ్గిద్ది. తగ్గితే తగ్గనీ." శ్రీకృష్ణ ఖాదర్ వైపు చూసి, "మీరు మాత్రం ఆ గన్ జోలికెళ్లమాకండి. మీ ఆవిడకు నేను సమాధానం చెప్పలేను" అన్నాడు. యార్డులో పనుందని వెళ్లిపోయాడు.

ఖాదర్ తలుపు రుద్దడం పూర్తిచేశాడు. బకెట్టులో నీళ్లు మార్చి బండి మొత్తం కడిగాడు. పాత లుంగీ ముక్కతో తుడిచాడు. బయటికొచ్చి ఆకాశం చూశాడు. మిర్చి యార్డు వైపునుంచి ఘాటు ఇంకా రావడం లేదు. అంటే గాలి లేవలేదు. గాలి లేస్తే తడి రంగు మీద దుమ్ము వాలుతుంది. తర్వాత లోపలికెళ్లి, అద్దాలకు పాత పేపర్లు అంటించడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్ ఖాదరూ" అన్నాడు చెంచయ్య.

ఖాదర్ ఇంకో పేపరు చించాడు.

"నీకే చెప్పేది. చెల్లెమ్మ నన్ను బతకనియ్యదు."

"కంప్రెసర్ ఆన్ చెయ్" అన్నాడు ఖాదర్.

చెంచయ్య చేతులు తుడుచుకున్నాడు. చివరికి వెళ్లి స్విచ్చి వేశాడు. వేసి, చూడలేక, స్పేరు పార్టులు తెస్తానని బజారుకు వెళ్లిపోయాడు.

ఖాదర్ ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. ముందు దీపం దగ్గర ఊపిరి బిగబట్టి, గన్ నొక్కి, వెనక దీపం దాకా ఒకే నడకలో వెళ్లాడు. బూడిదరంగు రేకు మీద తడి రంగు చీర పరిచినట్టు పడింది. చివరికొచ్చాక మొహం అవతలికి తిప్పి దగ్గాడు. మళ్లీ ముందు దీపం దగ్గరికి నడిచాడు.

మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని జహీరున్నీసా వచ్చేసరికి బండి సగం రంగులో, సగం బూడిదలో ఉంది. కంప్రెసర్ చప్పుడు వీధి మలుపులోనే వినిపించి ఆమె అడుగు వేగం పెంచింది. గడప దగ్గర ఆగిపోయింది. ఖాదర్ ఆమెను చూసి గన్ దించాడు.

"పట్టనన్నావుగా" అంది.

"అన్నాను."

"మరి?"

"తాడేపల్లి ఆయన రాలేదు."

"రాకపోతే ఇంకోడొస్తాడు. శ్రీకృష్ణ గారు కొట్టమన్నాడా?"

"లేదు. వద్దనే అన్నాడు." తువ్వాలు కిందికి లాగి గాలి పీల్చుకున్నాడు. "నాకే కొట్టాలనిపించింది. ఎన్ని ట్రాక్టర్లకు కొట్టాను, ఎన్ని లారీలకు కొట్టాను. ఒక్క సీజను తిరిగేసరికి గీతలే. ఎవడూ చూసుకోడు. ఇది నిలబెట్టి చూసుకునే బండి, జహీరా."

ఆమె బండిని చూసింది, అతన్ని చూసింది. అతని మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో నీలంరంగు పడ్డ లుంగీతో అతను ఇంటికొస్తే, ఏ ఊరి ట్రాక్టరు అని నవ్వేది. కూతురు నస్రత్ పుట్టినప్పుడు చేతుల రంగు పోలేదని రెండు రోజులు బిడ్డను ఎత్తుకోలేదు. ఇప్పుడా బిడ్డ వినుకొండలో కాపురం చేసుకుంటోంది. తను ఏడ్చి గోల చేస్తే ఇప్పటికిప్పుడు గన్ కింద పెట్టేస్తాడని ఆమెకు తెలుసు.

"ఇక్కడితో ఆపితే ఏమవుద్ది?" అంది.

"అంచు కనపడుద్ది. మొత్తం మళ్లీ రుద్దుకోవాల."

"నువ్వే రుద్దుతావు."

"ఇంకెవరున్నారు?"

జహీరున్నీసా క్యారియర్‌ను డ్రమ్ము మీద పెట్టింది. పమిట కొంగు ముక్కు మీదుగా తిప్పి తల వెనక ముడివేసుకుంది.

"ఆ గాలిపైపు నాకియ్యి. బండికి రాసుకుంటా ఉంది" అంది.

అతను ముందు నడిచాడు. ఆమె రబ్బరు పైపు భుజాన వేసుకుని, తడి రేకుకు తగలకుండా ఎత్తి పట్టుకుని వెనకే నడిచింది. అతను ఆగితే ఆగింది. అతను దగ్గితే వీపు మీద చెయ్యి వేసి, తగ్గాక తీసింది. మొదటి కోటు, ఆరాక రెండోది. డిక్కీ మూల దగ్గర గన్ ఆపినప్పుడు యార్డు వైపునుంచి తొలి ఘాటు వచ్చింది. ఖాదర్ గబగబా షెడ్డు తలుపులు దగ్గరికి లాగాడు.

అన్నం సయించలేదతనికి. మజ్జిగ మాత్రం తాగాడు. ఇద్దరూ గోడకు చేరగిలబడి బండి ఆరుతుంటే చూశారు. తలుపు వంపులో వాళ్ల నీడలు అడ్డంగా సాగి కనిపించాయి.

"నేనింత లావున్నానా?" అంది ఆమె.

అతను నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

మర్నాడు కొనేవాళ్లు బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, బేరం ఎక్కువ లాగకుండానే తీసుకున్నారు. శ్రీకృష్ణ అనుకున్నదానికన్నా మంచి ధర పలికింది. లారీ ఎక్కించేటప్పుడు ఖాదర్ రాలేదు. ఆ పొద్దున లేవలేకపోయాడు.

పత్తి గింజలు వేసే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని మంచినీళ్లడిగాడు. జహీరున్నీసా గ్లాసుతో వచ్చేసరికి తల పక్కకు వాలి ఉంది. ఆమె గ్లాసు కింద పెట్టి, ముందు అతని తల సరిచేసింది. చెంచయ్య ఆ వారమంతా షెడ్డు తెరవలేదు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయిన కొన్నాళ్లకు శ్రీకృష్ణ ఇంటికొచ్చాడు. వెళ్లబోతూ మొహమాటంగా అడిగాడు.

"అమ్మా, హైదరాబాదులో ఎవరో బండికి గీత పెట్టారంట. ఆ రంగు ఎక్కడా కలవటం లేదంటున్నారు. ఖాదర్ గారు కలిపిందేమన్నా మిగిలిందా?"

"లేదు బాబూ" అంది జహీరున్నీసా. "అంతా బండికే సరిపోయింది."

అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. స్కూటరు చప్పుడు వీధి దాటిందాకా ఆమె గడపలోనే నిలబడింది. తలుపు దగ్గరికేసి, మంచం కిందికి వంగి, గుడ్డలో చుట్టిన హార్లిక్స్ సీసా బయటికి తీసింది. మూత బిగుసుకుపోయి ఉంటే కొంగుతో పట్టి తిప్పింది. లోపల లేత నెమలికంఠం మీద పలచగా పొర కట్టింది. వేలితో నొక్కితే, పొర కింద రంగు ఇంకా తడిగానే ఉంది.